మీ రైఫిల్‌కు ఏ స్కోప్? ఫిక్స్‌డ్, వేరియబుల్, సైడ్ ఫోకస్, ఎఫ్‌ఎఫ్‌పీల మధ్య ఎంపిక

స్కోప్ కొనాలనుకునేవాళ్లు నన్ను ముందుగా అడిగేది ఒకటే: "ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుంది?" 24 రెట్లు అని రాసిన పెట్టె పక్కన 9 రెట్ల పెట్టె చిన్నబోయి కనిపిస్తుంది, చెయ్యి 24 వైపే వెళ్తుంది. తెచ్చుకున్న కొద్ది రోజులకే తలనొప్పి మొదలవుతుంది. లక్ష్యం స్కోప్‌లో దొరకదు. దొరికినా వణుకుతూ కనిపిస్తుంది. తల కొంచెం కదిలితే బొమ్మంతా నల్లబడుతుంది.

నేను తిరిగి అడిగేవి మూడు. ఎంత దూరంలో కాలుస్తారు? ఎంత పెద్ద లక్ష్యాన్ని కాలుస్తారు? ఏ రైఫిల్‌తో కాలుస్తారు? వీటికి జవాబు తెలిస్తే ఎంపిక సగం అయిపోయినట్టే. ఎన్ని రెట్లు కావాలన్నది ఆ జవాబుల్లోంచే తేలుతుంది.

## స్కోప్ చేసే అసలు పని

మామూలు ఇనుప సైట్‌లతో గురి చూసేటప్పుడు కంటి ముందు మూడు వస్తువులు ఉంటాయి: దగ్గర్లో వెనక సైట్, నాళం చివర ముందు సైట్, దూరంగా లక్ష్యం. కన్ను ఒకసారి ఒక్కదాన్నే స్పష్టంగా చూడగలదు. ముందు సైట్ మీద చూపు నిలిపితే లక్ష్యం మసకబారుతుంది. నలభై దాటిన కళ్లకు ఆ ముందు సైట్ కూడా సరిగా ఆనదు.

స్కోప్ ఈ చిక్కునే విప్పుతుంది. ముందున్న పెద్ద లెన్స్ లక్ష్యం బొమ్మను తలకిందులుగా గొట్టం లోపల పడేలా చేస్తుంది. మధ్యలో ఉన్న లెన్సులు దాన్ని నిటారుగా తిప్పుతాయి. బొమ్మ ఎక్కడ పడుతుందో సరిగ్గా అక్కడే క్రాస్‌హెయిర్ (గురి చూసే అడ్డం, నిలువు గీతలు) ఉంటుంది. అందుకే కంటికి లక్ష్యం, క్రాస్‌హెయిర్ రెండూ ఒకే దూరంలో, ఒకే స్పష్టతతో కనిపిస్తాయి. గురి తేలికవడానికి మొదటి కారణం ఇదే. పెద్దగా కనిపించడం ఆ తర్వాతి లాభం. 4 రెట్ల స్కోప్ పెట్టుకున్న మనిషి ఒక్కసారిగా బాగా కొట్టడం మొదలుపెడితే, ఎక్కువ పుణ్యం ఆ 4 రెట్లది కాదు, ఈ రెండూ ఒకే తలంలో (ప్లేన్‌లో) పడటానిది.

ఒక మాట ముందే చెప్పాలి. మీ ఆలోచన ఐఎస్‌ఎస్‌ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) పద్ధతిలో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ లేదా 50 మీటర్ల రైఫిల్ పోటీలైతే, అక్కడ టెలిస్కోపిక్ సైట్‌లకు అనుమతి లేదు. చిన్న రంధ్రంలోంచి చూసే అపర్చర్ సైట్ నేర్చుకోవాలి. స్కోప్ మీద పెట్టాలనుకున్న డబ్బు దాని మీద పెట్టండి.

## పెట్టె మీద అంకెలు

3-9×40 అంటే 3 నుంచి 9 రెట్ల వరకు మార్చుకోవచ్చు, ముందు లెన్స్ వ్యాసం 40 మి.మీ. 4×32 అంటే ఎప్పుడూ 4 రెట్లే, లెన్స్ 32 మి.మీ.

లెన్స్ వ్యాసాన్ని రెట్లతో భాగిస్తే వచ్చేది ఎగ్జిట్ ప్యూపిల్, అంటే వెనక నుంచి బయటికొచ్చే వెలుగు కట్ట మందం. దీన్ని కళ్లారా చూడొచ్చు. స్కోప్‌ను రైఫిల్‌కు బిగించక ముందు చేయి చాచి పట్టుకుని, వెలుతురున్న గోడ వైపు తిప్పి చూడండి (సూర్యుడి వైపు ఎప్పుడూ వద్దు, కన్ను పోతుంది). వెనక అద్దం మధ్యలో గుండ్రటి తెల్ల బిళ్ల కనిపిస్తుంది. రెట్లు పెంచే రింగ్ తిప్పుతూ పోతే ఆ బిళ్ల కుంచించుకుపోతుంది. 9 రెట్ల దగ్గర 40 మి.మీ. లెన్స్ ఇచ్చే బిళ్ల 4.4 మి.మీ. అదే 24 రెట్ల దగ్గర 50 మి.మీ. లెన్స్ ఇచ్చేది 2 మి.మీ.కు కాస్త ఎక్కువ. మీ కంటిపాప సరిగ్గా ఆ బిళ్లలో పడితేనే బొమ్మ కనిపిస్తుంది. తల కదిలితే నల్లబడటానికి కారణం అదే. చీకటిపడే వేళ కంటిపాప 5 నుంచి 7 మి.మీ. వరకు విచ్చుకుంటుంది కాబట్టి 2 మి.మీ. కట్ట అప్పుడు మసకగానే ఉంటుంది. పెద్ద స్కోప్ అయినా సాయంత్రం రెట్లు తగ్గించక తప్పదు.

గొట్టం మందం గురించి ఒక అపోహ ఉంది. 25.4 మి.మీ. కంటే 30 మి.మీ. గొట్టంలో వెలుతురు ఎక్కువ వస్తుందంటారు. ఎక్కువగా వచ్చేది వెలుతురు కాదు, లోపలి లెన్సుల సెట్ పైకీ పక్కకీ కదిలే చోటు. 34 మి.మీ. గొట్టాలు దూరపు షూటింగ్ కోసం పుట్టింది అందుకే. దగ్గర్లో కాల్చేవాళ్లకు అది వట్టి బరువు.

వెలుతురును నిజంగా నిర్ణయించేది లెన్సుల మీది పూత. పూత లేని గాజు ప్రతి ఉపరితలం దగ్గరా సుమారు 4 శాతం వెలుగును వెనక్కి కొడుతుంది. అలాంటి ఉపరితలాలు పది ఉంటే మూడో వంతు వెలుగు దారిలోనే పోతుంది. 1935లో జైస్ సంస్థలో అలెగ్జాండర్ స్మకులా ఈ నష్టాన్ని తగ్గించే పూతను కనిపెట్టాడు. నేటి మంచి పూతలతో ఒక్కో ఉపరితలం దగ్గర నష్టం అర శాతానికి అటూ ఇటూ ఉంటుంది. పెట్టె మీద "ఫుల్లీ మల్టీ కోటెడ్" అని ఉంటే అన్ని ఉపరితలాలకూ పలు పొరల పూత ఉందని అర్థం. "కోటెడ్" అని మాత్రమే ఉంటే ఎక్కడో ఒకచోట పూశారని మాత్రమే అర్థం.

## ఏ రైఫిల్ మీద పెడుతున్నారు?

ఈ ప్రశ్నను చాలామంది దాటేస్తారు. నేనూ దాటేసి నష్టపోయాను.

పౌడర్ రైఫిల్ (మందుగుండు తూటాలు కాల్చేది) వెనక్కి మాత్రమే తన్నుతుంది. తన్ను గట్టిగా ఉండే రైఫిల్‌కు ఐ రిలీఫ్, అంటే వెనక అద్దానికీ కంటికీ మధ్య దూరం, కనీసం 90 మి.మీ. ఉన్న స్కోప్ చూసుకోండి. తక్కువుంటే స్కోప్ అంచు కనుబొమ్మ మీద అర్ధచంద్రాకారంలో కోసేస్తుంది. కళ్లజోడు పెట్టుకునేవాళ్లకు ఇంకాస్త ఎక్కువే కావాలి. వేరియబుల్ స్కోపుల్లో రెట్లు పెంచేకొద్దీ ఈ దూరం తగ్గవచ్చు కాబట్టి గరిష్ఠ రెట్ల దగ్గర ఎంతో చూడండి.

స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ సంగతి వేరు. ట్రిగ్గర్ నొక్కగానే లోపలి బరువైన పిస్టన్ ముందుకు దూసుకెళ్తుంది, రైఫిల్ వెనక్కి వస్తుంది. పిస్టన్ చివరికి వెళ్లి ఆగిపోయినప్పుడు రైఫిల్ ముందుకు కుదుపుకుంటుంది. రెండు వైపులా దెబ్బ. వెనక్కి తన్నే రైఫిళ్ల కోసం చేసిన స్కోప్‌లో లెన్సులు ఆ ఒక్క వైపు దెబ్బకే కుదురుగా ఉండేలా బిగించి ఉంటాయి.

నా మొదటి స్ప్రింగ్ రైఫిల్ మీద .22 రైఫిల్ నుంచి తీసిన స్కోప్ పెట్టాను. మొదట్లో ఐదు గుళికలూ ఒక రూపాయి బిళ్ల కింద దాగేంత దగ్గరగా పడేవి. కొన్ని వారాలకు ఆ గుంపు, అంటే గ్రూప్, చెదిరింది. పెల్లెట్లు మార్చాను, నాళం శుభ్రం చేశాను, చేతి పట్టు మార్చాను, గాలిని తిట్టుకున్నాను. చివరికి స్కోప్ విప్పి చెవి దగ్గర పెట్టి మెల్లగా ఊపితే లోపల టిక్, టిక్ అని సన్నటి చప్పుడు. మధ్య లెన్సుల సెట్ వదులైపోయింది. స్ప్రింగ్ రైఫిల్‌కు కొంటుంటే "ఎయిర్‌గన్ రేటెడ్" అని స్పష్టంగా రాసి ఉన్నదే తీసుకోండి. మౌంట్ (స్కోప్‌ను రైఫిల్‌కు బిగించే పట్టు) వెనక్కి జారకుండా స్టాప్ పిన్ కూడా ఉండాలి. గాలి సిలిండర్‌తో నడిచే పీసీపీ రైఫిళ్లకు ఈ బాధ లేదు, వాటికి తన్ను దాదాపు ఉండదు.

## పారలాక్స్: దగ్గరి దూరాల్లో దీన్నే ముందు చూడాలి

లక్ష్యం బొమ్మ, క్రాస్‌హెయిర్ ఒకే తలంలో పడతాయన్నాను కదా. అది నిజానికి ఒకే ఒక్క దూరానికి సరిగ్గా కుదురుతుంది. పౌడర్ రైఫిళ్ల స్కోపులను ఫ్యాక్టరీలో సాధారణంగా 100 గజాలకు, .22 రిమ్‌ఫైర్ (చిన్న తూటాల) రైఫిళ్ల స్కోపులను 50 గజాలకు కుదిర్చి పంపుతారు. వేరే దూరంలో రెండు తలాలూ విడిపోతాయి. అప్పుడు రైఫిల్ కదలకపోయినా తల కదిలితే క్రాస్‌హెయిర్ లక్ష్యం మీద జరుగుతుంది.

ఎంత తేడా రావచ్చో లెక్క వేయొచ్చు. 40 మి.మీ. లెన్స్, 100 మీటర్లకు కుదిర్చిన స్కోప్. దాంతో 25 మీటర్ల దగ్గర కాలిస్తే, కన్ను బాగా పక్కకు ఉన్నప్పుడు 15 మి.మీ. వరకు తప్పు రావచ్చు. 10 మీటర్ల దగ్గర 18 మి.మీ. వందల మీటర్ల అవతల పెద్ద లక్ష్యానికి ఇది పట్టించుకోనక్కర్లేని తేడా. గోరంత చుక్కను కొట్టాల్సిన ఎయిర్ రైఫిల్‌కు ఇది మొత్తం ఆట. "నా రైఫిల్ ఒకరోజు కొడుతుంది, ఒకరోజు కొట్టదు" అనేవాళ్లలో చాలామంది చెంప ప్రతిసారీ ఒకేచోట ఆనకపోవడం వల్ల దీని బారిన పడుతున్నవాళ్లే.

పరీక్ష సులువు. రైఫిల్‌ను ఇసుక సంచుల మీద కదలకుండా ఆనించి, క్రాస్‌హెయిర్‌ను ఒక చుక్క మీద పెట్టి, చెయ్యి తగలకుండా తలను కొద్దిగా పైకీ కిందికీ ఆడించండి. చుక్క మీద క్రాస్‌హెయిర్ ఈదుతున్నట్టు కనిపిస్తే పారలాక్స్ ఉంది.

సర్దుకునే ఏర్పాటు రెండు రకాలు. ముందు లెన్స్ దగ్గర రింగ్ తిప్పేది ఏఓ (అడ్జస్టబుల్ ఆబ్జెక్టివ్). ఎడమ పక్కన నాబ్ ఉండేది సైడ్ ఫోకస్. ఏఓలో కదిలే భాగాలు తక్కువ, తక్కువ డబ్బుకు వస్తుంది, కానీ తిప్పడానికి చెయ్యి ముందుకు చాచాలి. సైడ్ ఫోకస్ అయితే చెంప ఎత్తకుండానే తిప్పొచ్చు. కొనేముందు అది ఎంత దగ్గర నుంచి మొదలవుతుందో తప్పకుండా అడగండి. కొన్ని 10 మీటర్ల నుంచి, కొన్ని 50 నుంచి మొదలవుతాయి. 50 నుంచి మొదలయ్యేది 20 మీటర్ల ఎయిర్ రైఫిల్‌కు ఎందుకూ పనికిరాదు. నాబ్ మీద రాసిన అంకెను గుడ్డిగా నమ్మకండి, తల ఆడించి చూసి సర్దుకోండి.

## ఎంఓఏనా, మిల్‌నా?

రెండూ కోణాల కొలతలే, ఒకటి గొప్ప మరోటి తక్కువ అనేం లేదు. ఎంఓఏ అంటే డిగ్రీలో 60వ వంతు, 100 మీటర్ల దగ్గర 2.9 సెం.మీ. మిల్ అంటే దూరంలో వెయ్యో వంతు, 100 మీటర్ల దగ్గర సరిగ్గా 10 సెం.మీ. పావు ఎంఓఏ క్లిక్ (గురిని జరిపే నాబ్‌లో ఒక మెట్టు) 100 మీటర్ల దగ్గర సుమారు 7 మి.మీ. జరుపుతుంది, 0.1 మిల్ క్లిక్ 10 మి.మీ. దూరాలను మీటర్లలో ఆలోచించేవాళ్లకు మిల్ లెక్క నోటితోనే వచ్చేస్తుంది.

ఉదాహరణకు మామూలు వేగం .22 తూటాతో 50 మీటర్లకు జీరో చేసి (గురి పెట్టిన చోటే తూటా పడేలా సర్ది), 100 మీటర్ల దగ్గర కాలిస్తే అది దాదాపు జానెడు కిందికి పడుతుంది. మిల్ నాబ్ అయితే ఇరవై పైచిలుకు క్లిక్‌లు. అంతే లెక్క.

ఒక్కటి మాత్రం చూసుకోండి: రెటికిల్ (క్రాస్‌హెయిర్, దాని మీది గుర్తులు) గీతలు, నాబ్ క్లిక్‌లు ఒకే కొలతలో ఉండాలి. మిల్ గీతలు, ఎంఓఏ నాబ్ ఉన్న స్కోప్‌లు ఇంకా అమ్ముతున్నారు. ప్రతి దిద్దుబాటుకూ 3.44తో హెచ్చవేయాలి. ఆ గోల వద్దు.

## ఎఫ్‌ఎఫ్‌పీ, ఎస్‌ఎఫ్‌పీ

వేరియబుల్ స్కోప్‌లో రెటికిల్ ఎక్కడ ఉంటుందన్న దాన్నిబట్టి ఈ పేర్లు. రెట్లు మార్చే లెన్సుల ముందు ఉంటే ఎఫ్‌ఎఫ్‌పీ (ఫస్ట్ ఫోకల్ ప్లేన్), వాటి వెనక ఉంటే ఎస్‌ఎఫ్‌పీ (సెకండ్ ఫోకల్ ప్లేన్).

ఎస్‌ఎఫ్‌పీలో రెట్లు ఎంత మార్చినా గీతలు ఒకే మందంలో కనిపిస్తాయి, లక్ష్యం మాత్రమే పెరిగి తగ్గుతుంది. కంటికి హాయి. అయితే గీతల మధ్య దూరం ఒకే ఒక్క రెట్ల సంఖ్య దగ్గర నిజం చెబుతుంది, సాధారణంగా గరిష్ఠం దగ్గర. 24 రెట్ల దగ్గర చుక్కకూ చుక్కకూ మధ్య 1 మిల్ ఉంటే, 12కు తగ్గించగానే అదే చోటు 2 మిల్‌లకు సమానం. ఇది మర్చిపోయి రెండు చుక్కలు ఎత్తి కాల్చారంటే మీరు ఎత్తింది 4 మిల్‌లు. 100 మీటర్ల దగ్గర 20 సెం.మీ. అనుకుని 40 సెం.మీ. ఎత్తారు.

ఎఫ్‌ఎఫ్‌పీలో లక్ష్యంతో పాటు రెటికిల్ కూడా పెరుగుతుంది, కొలత ఏ రెట్ల దగ్గరైనా నిజమే. దీనికి మూల్యం ఉంది. కనిష్ఠ రెట్ల దగ్గర గీతలు వెంట్రుకల్లా సన్నబడి, చెట్ల నీడల్లో కనిపించకుండా పోతాయి. గరిష్ఠం దగ్గర లావెక్కి చిన్న చుక్కను కప్పేస్తాయి. ధర కూడా ఎక్కువే.

నా అభిప్రాయం సూటిగా: దూరాలు మారుతూ, రెట్లు మారుస్తూ, గీతలతోనే దిద్దుకుని కాల్చేవాళ్లకు ఎఫ్‌ఎఫ్‌పీ కావాలి. ఒకే దూరంలో కాగితపు లక్ష్యాలను కొట్టేవాళ్లకు, మధ్య క్రాస్ తప్ప వేరే గీత వాడనివాళ్లకు ఎస్‌ఎఫ్‌పీ మేలు. ఫ్యాషన్ చూసి ఎఫ్‌ఎఫ్‌పీ కొన్నవాళ్లు ఎక్కువమంది గరిష్ఠ రెట్ల దగ్గరే ఉండిపోతున్నారు. అక్కడ రెండింటికీ తేడా లేదు.

## ఇక రకాలు ఒక్కొక్కటీ

| రకం | ఎవరికి సరిపోతుంది | మేలు | వదులుకునేది |
|---|---|---|---|
| ఫిక్స్‌డ్ 4×32 | కొత్తవాళ్లు, 50 మీటర్ల లోపు | తేలిక, గట్టితనం, పెద్ద ఎగ్జిట్ ప్యూపిల్ | దూరంలో చిన్న లక్ష్యాలు ఆనవు |
| 3-9×40 | ఒకే స్కోప్‌తో అన్నీ చేయాలనుకునేవాళ్లు | సమతూకం, విశాలమైన చూపు | చాలావాటిలో పారలాక్స్ సర్దుబాటు ఉండదు |
| 4-16×44, సైడ్ ఫోకస్ | పీసీపీ, .22తో కచ్చితత్వం కోరేవాళ్లు | దగ్గర నుంచి దూరం వరకు పారలాక్స్ అదుపు | బరువు, ఎక్కువ సర్దుబాట్లు |
| 6-24×50 ఎఫ్‌ఎఫ్‌పీ | 300 మీటర్లు, ఆపైన | కొలతలు, దిద్దుబాట్లు | బరువు, ఇరుకు చూపు, సాయంత్రపు మసక |
| 1-6×24 | దగ్గర్లో, వేగంగా | 1 దగ్గర రెండు కళ్లూ తెరిచి చూడొచ్చు | చిన్న చుక్కలకు పనికిరాదు |

ఫిక్స్‌డ్ 4×32. దీన్ని తక్కువగా చూడటం నాకు బాధగా ఉంటుంది. కదిలే భాగాలు తక్కువ, పాడయ్యేవి తక్కువ. ఎగ్జిట్ ప్యూపిల్ 8 మి.మీ., అంటే తల కాస్త అటూ ఇటూ అయినా బొమ్మ పోదు. ఒకే ధరలో నాసిరకం 6-24 ఒకటీ, మంచి ఫిక్స్‌డ్ ఒకటీ ఉంటే రెండోదే తీసుకోమంటాను. ఒకటే జాగ్రత్త: ఎయిర్ రైఫిల్‌కైతే దగ్గరి దూరానికి పారలాక్స్ కుదిర్చినదేనా అని అడగండి.

3-9×40. ఏం కొనాలో తేలనివాళ్లకు ఇదే చెబుతాను. 3 రెట్ల దగ్గర 100 మీటర్ల అవతల సుమారు 11 మీటర్ల వెడల్పు కనిపిస్తుంది, 9 దగ్గర 4 మీటర్లు. 200 మీటర్ల వరకు దీంతో ఏ లోటూ ఉండదు. రిమ్‌ఫైర్ కోసమైతే 50 గజాలకు కుదిర్చిన రకం అడిగి తీసుకోండి, బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

4-16×44, సైడ్ ఫోకస్. పీసీపీ, .22 మీద నాకు ఇష్టమైన రకం. 10 మీటర్ల నుంచి ఫోకస్ అయ్యేదైతే కొన్నాళ్లపాటు మరో స్కోప్ గురించి ఆలోచించరు. ఫీల్డ్ టార్గెట్ (వేర్వేరు దూరాల్లోని లక్ష్యాలను ఎయిర్ రైఫిల్‌తో కొట్టే పోటీ) ఆడేవాళ్లు ఇంకా పైకి, 30, 40 రెట్ల స్కోపులకు వెళ్తారు. వాళ్లు పారలాక్స్ నాబ్‌తోనే దూరం కొలుస్తారు, రెట్లు పెరిగేకొద్దీ ఫోకస్ అయ్యే దూరం అంత కచ్చితంగా తెలుస్తుంది. 50 మీటర్ల లోపు ఆటకు అంత పెద్ద స్కోప్ ఎందుకో చూసేవాళ్లకు అర్థం కాదు, కారణం ఇది.

6-24×50 ఎఫ్‌ఎఫ్‌పీ. ఎండలో నేల నుంచి లేచే వేడి సెగ 20 రెట్లు దాటాక బొమ్మను నీళ్లలోంచి చూస్తున్నట్టు ఆడిస్తుంది. గుండె కొట్టుకోవడం కూడా క్రాస్‌హెయిర్ మీద కనిపిస్తుంది. కొత్తవాళ్లు అది చూసి టెన్షన్ పడి ట్రిగ్గర్ లాగేస్తారు. అనుభవం ఉన్నవాళ్లు కూడా చాలాసార్లు 14, 16 దగ్గరే కాలుస్తారు. నాబ్‌లు తిప్పడం, తిరిగి జీరోకు రావడం మీద ఆధారపడే స్కోప్ ఇది. నాబ్‌లు నమ్మకంగా లేకపోతే దీన్ని కొనకపోవడమే మంచిది.

1-6×24. కదిలే లక్ష్యాలకు, దగ్గరి దూరాలకు. ఇంకా దగ్గరైతే, రెట్లే అక్కర్లేకపోతే రెడ్ డాట్ (పెద్దగా చూపకుండా ఎర్రటి చుక్కతో గురి చూపే సైట్) చాలు.

## బిగించాక తొలి రోజు

మంచి స్కోప్‌ను వంకర మౌంట్ పాడుచేస్తుంది. ఎయిర్ రైఫిళ్లకు, చాలా .22లకు 11 మి.మీ. డవ్‌టెయిల్ గాడి ఉంటుంది, మిగతావాటికి పికాటిన్నీ పట్టీ. ఒకదాని మౌంట్ ఇంకోదానికి పట్టదు. లెన్స్ నాళానికి తగలనంత ఎత్తు చాలు. 56 మి.మీ. లెన్స్ కోసం ఎత్తైన రింగులు వేస్తే చెంపకు ఆనుడు పోతుంది. రింగు స్క్రూలను టార్క్ స్క్రూడ్రైవర్‌తో సుమారు 2 న్యూటన్ మీటర్లకు, ఒక్కోదాన్ని కొంచెం కొంచెంగా, ఎదురెదురుగా బిగించండి. క్రాస్‌హెయిర్ నిలువుగా ఉందో లేదో చూడటానికి దూరంగా ఒక దారానికి బరువు కట్టి వేలాడదీసి, నిలువు గీతను దానితో కలపండి.

లక్ష్యం చుట్టుపక్కల ఏముందో చూడటానికి స్కోప్ వాడకండి. స్కోప్ ఎటు తిరిగితే నాళం అటే తిరుగుతుంది. చూడటానికి బైనాక్యులర్ వేరుగా ఉంచుకోండి.

జీరో ముందు 25 మీటర్ల దగ్గర చేసి, తర్వాత మీ అసలు దూరానికి వెళ్లండి. ఒక్క దెబ్బ చూసి నాబ్ తిప్పకండి, మూడు లేదా ఐదు కాల్చి గ్రూప్ మధ్యను చూడండి.

ఆ తర్వాత, వాపసు గడువు ఇంకా ఉండగానే, ఈ పరీక్ష చేయండి. 50 మీటర్ల దగ్గర పెద్ద కాగితం పెట్టి మధ్య చుక్క మీద మూడు కాల్చండి. గురి అదే చుక్క మీద ఉంచి, నాబ్‌ను 20 క్లిక్‌లు పైకి తిప్పి మూడు, 20 కుడికి తిప్పి మూడు, 20 కిందికి తిప్పి మూడు, 20 ఎడమకు తిప్పి మూడు. 0.1 మిల్ నాబ్ అయితే కాగితం మీద 10 సెం.మీ. భుజాల చతురస్రం రావాలి, చివరి మూడు రంధ్రాలు మొదటి మూడింటి మీదే పడాలి. స్కేలు పెట్టి కొలవండి. ఎందుకైనా మంచిది, రెండోసారి కూడా చేయండి. రెండుసార్లూ చివరి గ్రూప్ పక్కకు పడితే ఆ కాగితాన్ని స్కోప్‌తో పాటు పెట్టెలో పెట్టి వెనక్కి ఇచ్చేయండి.